ఆమెను చంపింది మా ముట్టు కాదు

మా కింది వాటా అప్ప పోయింది. తెల్లారి పాలు కాగుతుండగా ఆమె కొడుకు మెట్లెక్కి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "పిన్నీ, అమ్మ ఎల్లిపోయింది" అన్నాడు. స్టవ్ ఆపేసి కిందికి దిగాను. అప్పటికే వాళ్ళ చర్చి సంఘం ఆడవాళ్ళు ఆమెకు తెల్లచీర కట్టేశారు. కళ్ళు మూసి ఉన్నాయి. నోరు మాత్రం ఏదో అనబోయి ఆగినట్టు కొంచెం తెరుచుకుని ఉంది. బతికున్నన్నాళ్ళూ అంతే, మాట ఆపుకోవడం ఆమెకు చేతకాదు. ఒక్క విషయంలో ఆపుకుంది. ఆ ఒక్కటే ఆమెను తీసుకుపోయింది.

అప్ప అంటే మా వైపు అక్క. నాతో పుట్టిన అక్క కాదు. కులం ఒకటి కాదు, దేవుడూ ఒకడు కాదు. మేము సింహాద్రి అప్పన్నకు మొక్కేవాళ్ళం, వాళ్ళు ఆదివారం చర్చికి పోయేవాళ్ళు. పోర్టు క్వార్టర్లలో వాళ్ళ కప్పే మా నేల, అంతే చుట్టరికం.

నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే మా చిన్నమ్మాయి రాస్తోంది. రెండు మూడు చోట్ల కలం ఆపి, "ఈ మాట ఉండాలా అమ్మా?" అని అడిగింది. ఉండాలి అన్నాను. చదివేవాళ్ళకు ఇబ్బందిగా ఉంటే ఉండనివ్వండి. పడినవాళ్ళకు అంతకంటే ఇబ్బందిగా ఉండేది.

ఆమెను పొగడాలని మాత్రమే అయితే నేను ఇంత పని పెట్టుకోను. అప్పను సమాధి చేసిన మర్నాడే కుళాయి దగ్గర ఒక మాట పుట్టింది. "బ్లాకులో ఆడోల్లందరి ముట్టూ తెచ్చి ఇంట్లో పెట్టుకుంది గదా. కడుపు కుళ్ళిపోదేటి మరి?" అని. వాళ్ళ సంఘంలోనూ ఒకావిడ అందట, "విగ్రహాలకి మొక్కినోల్లని గదిలో కూకోబెట్టుకుంది, ప్రభువుకి కోపం రాదా" అని. గుడికి పోయేవాళ్ళూ చర్చికి పోయేవాళ్ళూ ఒక్క మాట మీద నిలబడటం ఈ బ్లాకులో నేను మొదటిసారి చూశాను.

ఆ మాట మెట్లెక్కి మా ఇంట్లోకి వచ్చింది. మా కోడలు వింది. ఎవరు విన్నా నాకు దిగులు లేదు, ఆమె వినకూడదు. ఎందుకంటే కొన్ని నెలలుగా మా కోడలికి ముట్టు ఆగడం లేదు. వారం అనుకుంటే రెండు వారాలు పోతోంది. మొహం పాలిపోయింది, మెట్టెక్కితే ఆయాసం. డాక్టరు దగ్గరికి రమ్మని నేను, వస్తానని ఆమె, ఈ లోపల అప్ప పోవడం, ఈ మాట పుట్టడం. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని కోడలు, "అత్తా, నానూ ఆ గదిలో ఏళ్ళ తరబడి కూకున్నాను గదా. నాకూ అదే వొచ్చీసింది. డాక్టరేటి సేత్తాది?" అంది.

అందుకని చెబుతున్నాను. అసలు ఆ గది ఏమిటో, అందులో ఏం జరిగేదో, ఆమె ఎందుకు పోయిందో.

మేము పల్లె నుంచి వచ్చినప్పుడు మా ఆయన పోర్టులో కలాసీ. పల్లెలో బయట ఉన్న ఆడదానికి పశువుల సాల పక్కన చూరు కింద చోటు ఉండేది. మంచిదో చెడ్డదో, చోటంటూ ఉంది. ఇక్కడ క్వార్టరుకి ఒక గది, ఒక వంటిల్లు, మేడ మీద. పెరడు లేదు. అటు చూస్తే సముద్రం, ఇటు చూస్తే ఖనిజం దుమ్ము. మా అత్త పట్టింపు మాత్రం పల్లె నుంచి మాతో రైలెక్కి వచ్చింది. ఆలోచించి ఆలోచించి, "మెట్ల మీద కూకో" అంది. అలాగే మలుపు దగ్గర చాప వేసుకుని కూర్చునేదాన్ని. షిఫ్టు మారే వేళకి మగవాళ్ళు క్యారేజీలు పట్టుకుని నన్ను దాటుకుంటూ ఎక్కేవారు, దిగేవారు. నాకు ఏ రోజులో బ్లాకంతటికీ తెలుసు. ఒక ముసలాయన అయితే, "ఏటమ్మా, అప్పుడే నెల తిరిగిపోనాదా" అని పలకరించేవాడు.

ఒక వానరోజు మెట్ల మీదికి జల్లు కొడుతోంది. కింది తలుపు తీసి అప్ప తల బయట పెట్టింది.

"ఏటే, ఎవులికి కాపలా కాత్తన్నావు?"

"బయటున్నానప్పా."

"బయటంటే వానలోనేటి? లోపలికి రా."

"అత్త సంపెత్తాది."

అప్ప మెట్ల కింద నిలబడి పైకి కేకేసింది. "ఓ పెద్దమ్మా, మీ కోడల్ని మా ఇంట్లో కూకోబెట్టుకుంటన్నాను. మా ఇల్లు మీకు ఎలాగూ మైలే గదా. బయటే అనుకోండి."

మా అత్త కిటికీలోంచి చూసి కాసేపు ఆలోచించింది. ఆమె లెక్క ప్రకారం అందులో తప్పేమీ కనబడలేదు. "అదీ నిజమే" అంది. ఆ ఒక్క మాటతో క్రైస్తవుల ఇల్లు మా బ్లాకుకి పశువుల సాల పక్క చూరు అయింది. నెల తిరిగేసరికి పక్క వాటా వాళ్ళూ వచ్చారు, వెనక బ్లాకు వాళ్ళూ వచ్చారు. అత్తలే పంపేవారు. తిట్టులాంటి మాటను తనే ముందు అనేసి, దాన్ని తలుపులా తెరిచింది అప్ప.

ఆ ముందుగదిలో ఒక కుట్టుమిషను, రెండు తాటాకు చాపలు. ఆమె జాకెట్లు కుడుతూ, దారం పళ్ళతో తెంపుతూ మాట్లాడేది. అందరినీ గుంటా, అంటే పిల్లా, అనే పిలిచేది, మనవలున్న నన్ను కూడా. ఎండుచేప కాల్చి గంజిలో నంజుకోమని పెట్టేది. ఇక్కడ చిత్రం ఒకటి ఉంది. ఆ మూడు రోజులూ ఆమె చేతి అన్నం తినేవాళ్ళం. ఎలాగూ మైలలో ఉన్నాం కదా, ఇంకేం చెడిపోతుంది. నాలుగో రోజు తలకి పోసుకున్నామా, ఇక ఆమె గ్లాసు ముట్టుకోకూడదు. ఈ సంగతి ఆమెకు తెలుసు. నాలుగో రోజు మేము మెట్లు దిగి కుళాయికి పోతుంటే ఆమె పలకరించేది గాని రమ్మనేది కాదు.

నాకు అది కొన్నాళ్ళకి తప్పనిపించింది. ఒకసారి నాలుగో రోజు, తడిజుట్టు తువ్వాలుతో ముడేసుకుని, నేరుగా ఆమె ఇంట్లోకి పోయి టీ అడిగాను. గుమ్మంలో నిలబడి తాగాను. మా అత్త పైనుంచి చూసింది.

"నిన్నటి దాకా తిన్నావు, సర్లే. ఇయాల పోసుకున్నాక కూడానా?"

"నిన్న నన్ను ముట్టుకుంటే మీకు మైలన్నారు. ఇయాల ఈవిడ్ని ముట్టుకుంటే నాకు మైలంటన్నారు. ఈ మైల ఎటునుంచి ఎటు ఎల్తాదో ఒకపాలి సరిగ్గా సెప్పండత్తా, నాను పక్కకి తప్పుకుంటాను."

అత్త కిటికీ రెక్క మూసేసింది. కొన్నాళ్ళు నాతో మాట్లాడనూ లేదు. ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉందో చెప్పలేను. లోపల అప్ప మిషను మీద తల వాల్చి నవ్వుతూనే ఉంది.

అయితే వాళ్ళలో ఈ పట్టింపు లేదని నేను అనుకున్నాను. ఒక ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల, రొట్టే ద్రాక్షరసం ఇచ్చే ప్రార్థన, ఉందని ఇంటిల్లిపాదీ పోయారు, ఆమె మిషను దగ్గరే ఉంది. ఏమప్పా పోలేదా అంటే, "బయటున్నాను" అంది. నేను తెల్లబోయాను. "మీకూ ఉందేటి?" "పేరు నేదు గానీ ఉంది. మా అత్త సెప్పింది, ఈ రోజుల్లో బల్ల ముట్టకూడదని. మా పాస్టరు గారు ఎప్పుడూ అన్నేదు. అయినా కాళ్ళు లెగవ్వు." నాకు కోపం వచ్చింది. ఇంతమందిని లోపలికి పిలిచి నువ్వు బయట కూర్చుంటావా అన్నాను. ఆ తర్వాతి నెలల్లో ఎప్పుడో బయటున్నప్పుడే బల్లకి పోయింది. వచ్చి, "ఏటీ అవ్వలేదే" అంది, చిన్నపిల్లలాగ.

ఆ గదిలోనే మేము ఒళ్ళు గురించి మాట్లాడుకున్నాం. ఇంకెక్కడా ఆ మాటలకి చోటు లేదు. ఎవరికి దురద, ఎవరికి తెల్లబట్ట, ఎవరి మొగుడు ఏ రోజూ వదలడు, అన్నీ ఆ చాపల మీదే. మా కోడలు కొత్తగా కాపురానికి వచ్చినప్పుడే ఆమెకు ముట్టు ఎక్కువ పోయేది. మా అత్త, "సెడ్డ రక్తం పోతంది, పోనీ, ఒంటికి మంచిది" అనేది. అప్ప ఊరుకోలేదు. "రక్తంలో సెడ్డదీ మంచిదీ వేరేగా ఉంటాదేటి? సేపల బజార్లో ఏరినట్టు ఒళ్ళు ఏరి పారేత్తాదా?" అంది.

ఆమె పట్టుదల ఒకటుండేది, గుడ్డలు ఎండలో ఆరాలని. మేమంతా చీర కింద, లంగా కింద దాచి ఆరేసేవాళ్ళం, ఎవరి కంటా పడకూడదని. ఆరీ ఆరని గుడ్డే మళ్ళీ కట్టుకునేవాళ్ళం, ఒరుసుకుని పుళ్ళు పడేవి. అప్ప మేడ మీద తీగె కట్టించి బాహాటంగా ఆరేసింది. బ్లాకులో యూనియన్ మాటలు చెప్పే ఒకాయన వచ్చి, "ఇలాటియ్యి నలుగురు సూసే చోట ఏటమ్మా" అన్నాడు. "మీ డ్రాయర్లు ఆర్తన్నాయి గదా బావూ, నానేమన్నా అన్నానా?" అంది అప్ప. ఆయన ఆ తర్వాత మేడ ఎక్కలేదు.

ఆమెకు అన్నీ తెలుసని నేను చెప్పను. తెల్లబట్ట అంటే ఎముకలు కరిగి పోవడమని ఆమె గట్టిగా నమ్మేది. కనబడ్డవాళ్ళందరికీ చోడిజావ, అదే రాగిజావ, పట్టించేది. ముట్టులో తల తడిస్తే పిచ్చెక్కుతుందని భయపెట్టేది. ఒకసారి సీతమ్మధారలో లేడీ డాక్టరు దగ్గరికి ఎవరికో తోడు పోయి వచ్చింది. డాక్టరు గారు ఎముకల మాట విని నవ్వారట. అది ఒంట్లో మామూలుగా ఊరేదే, దురదా వాసనా ఉంటేనే మందు కావాలి అన్నారట. ఇంకొకరైతే ఆ సంగతి కడుపులో పెట్టుకునేవారు. అప్ప చెప్పులు విప్పకుండానే ఇంటింటికీ తిరిగింది. "గుంటా, ఎముకలు కరగవట. నాను సెప్పింది తప్పు. జావ మాత్రం తాగు, బలం" అని. తను చెప్పింది తప్పని చెప్పడానికి మెట్లెక్కి వచ్చిన మనిషిని నేను అంతకు ముందు చూడలేదు, తర్వాతా చూడలేదు.

అలాంటి మనిషి దాచింది.

పోయిన వానాకాలం ఆమెకు జ్వరం వచ్చింది. అప్పటికి ఆమె భర్త పోయి చాలా ఏళ్ళు, ముట్టు ఆగిపోయీ చాలా ఏళ్ళు. కొడుకు స్టీలు ప్లాంటు పనికి పోయాడు, నేను గంజి పట్టుకుని దిగాను. గది తుడుద్దామని చీపురు మంచం కిందికి పెడితే ఏదో తగిలింది. వంగి చూశాను. మంచం కోళ్ళకి తాడు కట్టి ఉంది. తాడు మీద గుడ్డలు. తడిగా, చీకట్లో, ముక్కవాసన వేస్తూ.

"ఇవి ఎవులియప్పా?"

ఆమె గోడ వైపు తిరిగింది.

"నిన్నే. ఎవులియి?"

"నాయే. ఏడాది దాటింది. వొత్తంది, పోతంది."

"ఏడాదా? ఎందుకు సెప్పలేదు?"

అటు తిరిగే అంది. "మొగుడు పోయిన దానికి, ముట్టుడిగిన దానికి మళ్ళీ రక్తమంటే నలుగురూ ఏటంటారే? ఎవులితోటో తిరిగిందంటారు. కడుపు తీయించుకుందంటారు. కొడుక్కి పెళ్ళీడు పిల్లలున్నారు. ఆ బల్ల మీద కాళ్ళెత్తి పడుకోమంటాది డాక్టరు. మా ఆయన తప్ప ఎవులూ సూడలేదు నన్ను."

నేను ఆ గుడ్డలన్నీ పీకి బయట పడేశాను. నోటికి వచ్చినట్టు తిట్టాను. ఆ వారంలోనే లాక్కుపోయాను. సీతమ్మధార డాక్టరు గారు చూసి పెద్దాసుపత్రికి రాశారు. అక్కడ చెప్పిన మాట నేనే విన్నాను, కాబట్టి గట్టిగా చెబుతాను. గర్భసంచి మూతి దగ్గర కాన్సరు. ముట్టు వల్ల వచ్చేది కాదు, ఒకరి ముట్టు ఇంకొకరికి చేసేదీ కాదు, పక్కన కూర్చుంటే అంటేదీ కాదు. అడుగు దూరంలో ఎండ పెట్టుకుని చీకట్లో గుడ్డలు ఆరేసుకున్నన్నాళ్ళూ అది లోపల పెరిగింది. మొదట్లోనే వస్తే ఏదైనా చేసేవాళ్ళం అన్నారు. ఆమె మొహం మీదే అనలేదు, నన్ను పక్కకి పిలిచి అన్నారు. కాన్సరుకి పెట్టే కరెంటు, రేడియేషను, పెట్టారు, మందులిచ్చారు. మళ్ళీ ఎండాకాలం చూసింది, అంతే.

చివరి రోజుల్లో కూడా చాపలు తీసేయనివ్వలేదు. ఎవరైనా వస్తే కూకోమనేది. నొప్పి తగ్గినప్పుడు ఒకసారి నాతో, "నా సంగతి అందరికీ సెప్పు, నాను పోయాక. బతికుండగా వొద్దు" అంది. ఇదిగో చెబుతున్నాను.

ఇప్పుడు మా కోడలి సంగతి. కుళాయి దగ్గర మాట విన్న రెండో పూట ఆమె చాప తీసుకుని తనంత తనే మెట్ల మలుపు దగ్గర కూర్చుంది. నేను బజారు నుంచి వస్తూ చూశాను. చేతిలో సంచి అక్కడే దించాను. మా అత్త పోయి ఎన్నో ఏళ్ళయింది, ఆమెను ఇక్కడ కూర్చోమన్నవాళ్ళు ఎవరూ లేరు. ఊరి నుంచి మా వియ్యపురాలు వచ్చి కూతురి పక్కన మెట్టు కింద నిలబడి ఉంది.

"వదినా, దోసం తగిలింది పిల్లకి. కొండకి తీసుకెల్దాం. అప్పన్నకి మొక్కుకుందాం. ఆ ఇంటికి మాత్రం ఇంక పంపకండి."

"మొక్కుకుందాం వదినా. నాను వొద్దన్నానా? అప్పన్న కొండ మీదే ఉంటాడు, ఎక్కడికీ పోడు. డాక్టరమ్మ పన్నెండింటికి లెగిసిపోతాది. ముందు ఆవిడ దగ్గరికి ఎల్దాం."

"ముట్టులో ఉందే. ముట్టులో డాక్టరు దగ్గరికి ఎలాగ ఎల్తాది? ఆగాక ఎల్దాం."

"ఆగకే గదా ఎల్తన్నది."

వియ్యపురాలు పక్కకి జరిగి దారి ఇచ్చింది. కోడలు మాత్రం కదల్లేదు. "అత్తా, నాకూ అదే అంటే?" అంది. నేను ఆమె పక్కన మెట్టు మీద కూర్చున్నాను. అప్పని చంపింది మా ముట్టు కాదు, నలుగురూ ఏమంటారో అన్న భయం, నువ్వు ఇప్పుడు అదే చేస్తున్నావు అన్నాను. ఆమె ఏడ్చింది. నేను ఏడవలేదు, నాకు కోపంగా ఉంది. ఆ ఏడుపయ్యాక లేచి చీర మార్చుకుంది.

అప్ప జబ్బు కాదు ఆమెది. సంచిలో గడ్డ ఉందట, అంత రక్తం పోవడం దానివల్లేనట, ఆపరేషను చేస్తే తగ్గుతుందట. వచ్చే వారం తేదీ ఇచ్చారు. వియ్యపురాలు కొండకి పోయి మొక్కుకుని వచ్చింది, ప్రసాదం నేనూ తిన్నాను. కుళాయి దగ్గర మాట ఇంకా నడుస్తూనే ఉంది, తెలుసు. నడవనివ్వండి. ఇది చదివి వినిపించమని అక్కడ చదువుకున్న పిల్లకి చెప్పి పెట్టాను.

డాక్టరు దగ్గరికి పోయిన ఆ రోజు ద్వారకా నగర్‌లో బస్సు మారినప్పుడు సీట్లు ఖాళీగా ఉన్నా కోడలు కూర్చోలేదు. కమ్మీ పట్టుకుని నిలబడే వచ్చింది. ఎందుకో నాకు తెలుసు. ఆసుపత్రిలో ఇంక నిలబడలేక వరండాలో బల్ల మీద కూర్చుంది. మా వరస వచ్చి లోపల నుంచి పేరు పిలిచారు. ఆమె లేచి, వెనక్కి తిరిగి చీర చూసుకోబోయి, ఆగి, అలాగే లోపలికి నడిచింది. ఆమె లేచిన చోట చెక్క మీద చిన్న మరక. అటుపక్క కూర్చున్నావిడ చూసి కొంగు దగ్గరికి లాక్కుంది. నేను నా కొంగుతో తుడిచి ఆ చోటే కూర్చున్నాను. బల్ల ఇంకా వెచ్చగా ఉంది.